గోడ మూలలో భోజనాల బెంచీలు, టేబుల్ కట్టుకునే విధానం

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలోని మా ఇంట్లో భోజనం చాలాకాలం నేల మీదే సాగింది. పీటలు వేసి, కంచాలు వరసగా పెట్టి, ఒకరు వడ్డిస్తుంటే మిగిలినవారు తినేవాళ్ళం. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చి, నేల మీద కూర్చుంటే మరొకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేని పరిస్థితి వచ్చినప్పుడు టేబుల్ అవసరం పడింది. కానీ అంగట్లో దొరికే టేబుల్, కుర్చీలు మా వంటింటి పక్క గదిలో పట్టలేదు. కుర్చీలో కూర్చోవాలన్నా, లేవాలన్నా దాన్ని వెనక్కి జరపాలి కాబట్టి టేబుల్ అంచు నుండి గోడకు దాదాపు 3 అడుగుల ఖాళీ కావాలి. అదే గోడకు బెంచీ బిగిస్తే ఆ వైపు 19 అంగుళాలతో పని పూర్తవుతుంది. రెండు గోడలు కలిసే మూలలో రెండు వైపులా బెంచీలు అమర్చి, మధ్యలో టేబుల్ పెడితే ప్రతి గోడ వైపూ సుమారు అడుగున్నర స్థలం మిగులుతుంది. చిన్న గదిలో ఆ అడుగున్నరే మనిషి నడిచే దారి అవుతుంది.

అయితే కుర్చీ నచ్చకపోతే మార్చుకోవచ్చు గాని, గోడకు బిగించిన బెంచీని అర అంగుళం కూడా జరపలేము. అందువల్ల ఈ పనిలో మొదటి కొలత ఇంటి మనుషులది, రెండవది గోడది, చివరిది చెక్కది. ఈ వరస తప్పించి, ముందుగా చెక్క కొని, ఆ చెక్క ఎంత ఉందో అంత బెంచీ చేయించుకున్న ఇళ్ళను నేను చాలా చూశాను. వాటిలో కొన్ని బెంచీలు ఇప్పుడు పాత పేపర్లు పెట్టుకోవడానికే పనికివస్తున్నాయి.

మనుషుల కొలత

ఇంట్లో అందరికంటే పొట్టివారిని, అందరికంటే పొడుగువారిని, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారిని ఒక్కొక్కరినీ గట్టి పీట మీదో, స్టూలు మీదో కూర్చోబెట్టి, పాదం పూర్తిగా నేలకు ఆనినప్పుడు మోకాలి వెనుక మడత నేల నుండి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. చాలామందికి అది 15 నుండి 18 అంగుళాల మధ్య వస్తుంది. బెంచీ ఎత్తు మెత్తతో కలిపి, మెత్త అణిగిన తర్వాత, 18 అంగుళాలు ఉంటే పెద్దవాళ్ళకు లేవడం తేలిక. బెంచీ మరీ తక్కువ ఎత్తులో ఉంటే మోకాళ్ళ మీద భారం పడుతుంది, మరీ ఎత్తుగా ఉంటే పాదాలు వేలాడి తొడల కింద నరాలు తిమ్మిరెక్కుతాయి. పిల్లల పాదాలకు చిన్న పీట వేయవచ్చు గాని, పెద్దవాళ్ళకు అటువంటి సర్దుబాటు కుదరదు. అందుకే ఎత్తును పెద్దవాళ్ళను బట్టే నిర్ణయించాలి.

టేబుల్ పైభాగం నేల నుండి 29 లేదా 30 అంగుళాలు ఉండాలి. కూర్చునే ఎత్తుకూ టేబుల్ ఎత్తుకూ మధ్య 11 లేదా 12 అంగుళాల తేడా ఉంటే, చేత్తో అన్నం కలుపుకునేటప్పుడు భుజం పైకి లేవదు, మోచెయ్యి సహజంగా ఆనుతుంది. చెంచాతో తినేవారికి ఈ తేడా కొంచెం ఎక్కువైనా ఇబ్బంది ఉండదు గాని, కలుపుకు తినే చేతికి అది వెంటనే తెలుస్తుంది.

కూర్చునే లోతు మామూలుగా 18 అంగుళాలు. మా అమ్మలాగా బెంచీ మీద కూడా ఒక కాలు మడిచి కూర్చునే అలవాటున్నవారు ఇంట్లో ఉంటే, వారు కూర్చునే భాగం మాత్రం 21 లేదా 22 అంగుళాలు చేయించి, మిగిలినవారి కోసం అక్కడ వీపు దిండు ఒకటి పెట్టుకోవచ్చు. వెడల్పులో ఒక్కొక్క మనిషికి 24 అంగుళాలు వదలాలి. ఇంతకంటే తగ్గితే పక్కవారి కుడి మోచెయ్యి మన కంచంలోకి వస్తుంది.

హోటళ్ళలో ఉన్నట్టు మూడు వైపులా బెంచీలు వేసి, ఒక్క వైపు మాత్రమే తెరిచి ఉంచే అమరికను మన ఇళ్ళకు నేను సూచించను. మనం చేత్తో తింటాము, తిన్న వెంటనే లేచి చెయ్యి కడుక్కోవాలి. మధ్యలో కూర్చున్నవారు ఎంగిలి చేత్తో ఇద్దరిని లేపి బయటికి రావలసి వస్తే, నెల తిరగకుండానే ఆ చోటును ఎవరూ ఇష్టపడరు. పైగా వడ్డించేవారు నిలబడటానికి కనీసం ఒక పొడవాటి వైపు పూర్తిగా తెరిచి ఉండాలి. రెండు గోడల మీద రెండు బెంచీలు, మిగిలిన రెండు వైపులా కదిలే స్టూళ్ళు ఉండే అమరిక దీనికి సరిగ్గా సరిపోతుంది. చెయ్యి కడుక్కునే సింకు, బెంచీల తెరిచిన కొస నుండి నాలుగైదు అడుగుల్లో ఉంటే ఇంకా మంచిది.

ఐదారుగురు తినగల ఒక అమరిక లెక్క ఇలా ఉంటుంది. పొడవు బెంచీ గోడ వెంట 72 అంగుళాలు, పొట్టి బెంచీ 54 అంగుళాలు. వీపు పలకకు 3, కూర్చోవడానికి 18, కలిపి లోతు 21 అంగుళాలు. రెండూ కలిసే మూలలోని 21 అంగుళాల చతురస్రం మోకాళ్ళు పెట్టుకోవడానికి వీలు లేని చోటు కాబట్టి దాన్ని మనిషి చోటుగా లెక్కించకూడదు, అది చిన్నపిల్లలది. పొడవు బెంచీలో ఇక మిగిలేది 51 అంగుళాలు, అంటే ఇద్దరికి. పొట్టి బెంచీలో మిగిలేది 33 అంగుళాలు, అంటే ఒకరికి సుఖంగా. టేబుల్ 48 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు. టేబుల్ అంచు బెంచీ అంచు మీదికి 2 అంగుళాలు రావాలి. ఇలా ఉంటేనే పళ్ళానికీ నోటికీ మధ్య దూరం తగ్గి, చారు చుక్కలు ఒళ్ళో పడకుండా ఉంటాయి. తెరిచిన వైపుల్లో స్టూళ్ళకూ వడ్డనకూ 3 అడుగులు వదలాలి.

ఈ కొలతలన్నీ కాగితం మీద ఒప్పుకున్న తర్వాత కూడా ఒక పని చేయాలి. నేల మీద సుద్దతో గీతలు గీసి, ఇటుకలూ పలకలూ పేర్చి 18 అంగుళాల ఎత్తు చేసి, ఇంటిల్లిపాదీ రెండు పూటలు అక్కడే కూర్చుని తినాలి. మేము ఇలా చేసినప్పుడే పొట్టి బెంచీ కొస ఫ్రిజ్ తలుపుకు అడ్డు వస్తుందని తెలిసింది.

గోడ పరీక్ష

చంద్రపూర్ ఎండ ఎటువంటిదో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. మే నెలలో 46, 47 డిగ్రీలు దాటుతుంది, జూన్ మధ్య నుండి సెప్టెంబరు దాకా వానలు దట్టంగా కురుస్తాయి. ఎండాకాలమంతా పొడిగా ఉన్న గోడ వానల్లో చెమ్మ పట్టవచ్చు. అందుచేత వీలైతే బయటి గోడను వదిలి లోపలి గోడలను ఎంచుకోవాలి. బయటి గోడే దిక్కయితే వానాకాలంలో ఒక పరీక్ష చేయాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులనూ టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. కాగితం లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే ఆ గోడలో చెమ్మ ఉన్నట్టు. ముందు దాని మూలకారణాన్ని బాగు చేయించాలి, బెంచీ పని తర్వాతే.

గోడను వేలి కణుపులతో అంతటా తట్టి చూడాలి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరు ఇటుకను వదిలేసిందని అర్థం. నేలను పైనుండే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరి ఊళ్ళలో పేలుళ్ళ అదురు గోడకు తగులుతుంది కాబట్టి ఈ పరీక్ష మరీ అవసరం. డొల్ల ప్లాస్టరును కొట్టించి కొత్తగా పూయించకుండా అక్కడ స్క్రూ దించితే, మనిషి ఆనుకున్న నాడు పెచ్చుతో సహా ఊడివస్తుంది. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా తీగల గొట్టం ఉంటుంది కాబట్టి ఆ నిలువు పట్టీలో డ్రిల్ పెట్టకూడదు.

విదర్భ ఇళ్ళలో మరొక విషయం ఉంది, దాన్ని కొలతల పుస్తకాలు చెప్పవు. ఎండాకాలం నాలుగు నెలలు కిటికీలో కూలర్ నడుస్తుంది. ఆ తడిగాలి నేరుగా తగిలే చోట చెక్క ఒక వైపు ఉబ్బి, మరో వైపు ఎండి, పలక వంగిపోతుంది. బెంచీ మూల కూలర్ గాలి దారిలో ఉండకుండా చూసుకోవాలి.

చెక్క

మాది టేకు సీమ. ఆలాపల్లి అడవుల టేకుకు, బల్లార్షా కలప డిపోకు దేశమంతా పేరుంది. అయోధ్య రామాలయం తలుపులకు వాడిన టేకు కూడా ఈ ప్రాంతం నుండే 2023లో వెళ్ళింది. అయినా మొత్తం పని టేకుతోనే చేయించాలన్న పట్టుదల అవసరం లేదు. చట్రానికీ, చేతులు తగిలే అంచులకూ టేకు వాడి, మూతగా తెరుచుకునే కూర్చునే పలకకూ, సామాన్లు దాచే లోపలి పెట్టెకూ మంచి ప్లైవుడ్ వాడితే ఖర్చు తగ్గుతుంది, పలక వంగే భయమూ ఉండదు. ప్లైవుడ్ షీటు మీద ఐ.ఎస్. 710 (ఐ.ఎస్. అంటే భారత ప్రమాణం) అన్న ముద్ర ఉంటే అది నీటికి తట్టుకునే రకం. ఐ.ఎస్. 303 మామూలు వాడకానిది, లోపలి అరలకు సరిపోతుంది. కూర్చునే పలకకు 18 మిల్లీమీటర్ల మందం కంటే తగ్గకూడదు.

టేకు కొనేటప్పుడు చేవను చూడాలి. లోపలి ముదురు రంగు చేవను చెదలు అంత తేలికగా ముట్టవు, అంచున ఉండే తెల్లని పొరను మాత్రం చెదపురుగూ, చెక్కను తొలిచే పురుగూ రెండూ తింటాయి. తెల్లపొర ఉన్న ముక్కలు ధరలో తగ్గుతాయి కాబట్టి వాటిని కొని బెంచీ అడుగున దాచేస్తుంటారు. నేలకు దగ్గరగా, చీకటిగా ఉండే ఆ చోటే చెదలకు ఇష్టమైనది. లెక్క కూడా తెలిసి ఉండాలి. పలక పొడవును అడుగుల్లో, వెడల్పునూ మందాన్నీ అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 12 అడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక సరిగ్గా ఒక ఘనపుటడుగు. బిల్లును, అడవి శాఖ రవాణా అనుమతిని, అంటే ఇక్కడ అందరూ వాహతుక్ పరవానా అనే కాగితాన్ని, దుకాణదారు దగ్గర చూసి మాత్రమే చెక్కను బండి ఎక్కించాలి.

చెక్క ఎండిందో లేదో తెలుసుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం. మా మొదటి బెంచీ మూతలకు నేను ఫిబ్రవరిలో కొన్న పలకలు చూడటానికి పొడిగానే కనిపించాయి. రంధా (చిత్రిక) పట్టిన సుతార్, అంటే వడ్రంగి, రెండు చేతుల మీద చెక్కపొట్టు తీసుకుని, "అన్నా, ఈ ఫళీ ఇంకా పచ్చిగున్నది, ఆగుదాం" అన్నాడు. ఇంట్లో పెళ్ళి దగ్గర పడిందని నేను ఆగలేదు. మే నెల పూర్తయ్యేసరికి పలకల మధ్య పావు అంగుళం సందులు విచ్చుకున్నాయి, ఒక మూత మూల పైకి లేచింది. అది ఆ సుతార్ తప్పు కాదు, చెక్క తప్పు కూడా కాదు.

తేమ కొలిచే యంత్రం లేకపోయినా ఎవరైనా చేయగల పరీక్ష ఒకటి ఉంది. కొన్న పలక కొస నుండి రెండంగుళాలు వదిలి, ఆ తర్వాతి భాగంలో ఒక చిన్న ముక్క కోయించి, కిరాణా తూకం మీద గ్రాముల్లో తూచి, ఆ బరువును ముక్క మీదే పెన్సిలుతో రాయాలి. ముక్కను పలకలున్న గదిలోనే ఉంచి వారానికొకసారి తూచాలి. బరువు తగ్గుతూ ఉంటే పచ్చి ఇంకా పోతున్నదని అర్థం. ముక్క చిన్నది కాబట్టి పలక కంటే చాలా త్వరగా ఆరుతుంది. అందువల్ల ముక్క బరువు నిలిచాక, దాని మొదటి బరువులో ఎంత భాగం తగ్గిందో చూడాలి. పన్నెండో వంతు కంటే ఎక్కువ తగ్గి ఉంటే ఆ పలకలను పనికి తీసుకోకుండా నెలల తరబడి ఆరనివ్వాలి. పలకలను ఒకదాని మీద ఒకటి నేరుగా పేర్చకుండా, మధ్య మధ్య అంగుళం మందపు రీపర్లు పెట్టి గాలి ఆడేలా పేర్చాలి. బాగా ఆరిన పలకలను కూడా బెంచీ కట్టబోయే గదిలోనే మూడు వారాలు ఇలా ఉంచి, ఆ గది గాలికి అలవాటు చేసిన తర్వాతే రంపం పెట్టాలి.

ఎంత ఎండిన చెక్క అయినా ఋతువుతో పాటు కదులుతూనే ఉంటుంది. నార వెంట పొడవులో మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. నారకు అడ్డంగా, వెడల్పులో, అడుగు టేకు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు తేడా చూపుతుంది. అందువల్ల పని ఏ నెలలో చేస్తున్నామో దాన్ని బట్టి సందు వదలాలి. మే నెలలో కడితే చెక్క అన్నిటికంటే కుంచించుకుని ఉంటుంది కనుక టేకు మూతల మధ్య అడుగుకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఉబ్బడానికి చోటు వదలాలి. ఆగస్టులో కడితే చెక్క ఉబ్బి ఉంటుంది కనుక దగ్గరగా కూర్చవచ్చు, ఎండాకాలంలో సందు దానంతట అదే వస్తుంది. వెడల్పు పలకను చట్రానికి జిగురుతో అంటించేయకుండా, పొడవాటి రంధ్రాలు చేసి స్క్రూలతో పట్టి ఉంచాలి. అప్పుడు పలక కదిలినా పగలదు.

చట్రం

గది నేల ఎప్పుడూ సమంగా ఉండదు. కడిగిన నీళ్ళు పోవడానికి మేస్త్రీలు వాలు ఇచ్చి ఉంటారు. కాబట్టి నేల నుండి కాకుండా, నీటి మట్టం నుండి కొలవాలి. పారదర్శకమైన సన్న గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, రెండు కొసలనూ రెండు గోడల మీద పట్టి, నీళ్ళు నిలిచిన చోట గుర్తు పెట్టి దారంతో గీత కొట్టాలి. బెంచీ వచ్చే చోట నేల అన్నిటికంటే ఎత్తుగా ఉన్న బిందువును పట్టుకుని, అక్కడి నుండి 15¾ అంగుళాల ఎత్తులో చట్రం పైగీత వేయాలి. దీనిమీద ముప్పావు అంగుళం పలక, అణిగిన తర్వాత అంగుళంన్నర ఉండే మెత్త కలిస్తే 18 అంగుళాలు అవుతుంది. మూల లంబంగా ఉందో లేదో గుణ్యాతో (చిన్న మూలమట్టంతో) కాకుండా పెద్ద కొలతతో చూడాలి. మూల నుండి ఒక గోడ మీద 3 అడుగులు, మరో గోడ మీద 4 అడుగులు గుర్తించి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు ఉంటే మూల సరైనది. తేడా ఉంటే టేబుల్‌ను కాదు, వీపు పలక వెనుక సందును సర్ది దాన్ని దాచాలి.

చెక్క నేలను తాకకూడదు. మేము బెంచీ కింద ఒక వరస ఇటుక, సిమెంటు పూత కలిపి 4 అంగుళాల దిమ్మె కట్టించాము. దిమ్మె ముందు అంచు బెంచీ అంచు కంటే 3 అంగుళాలు లోపలికి ఉండాలి. ఆ సందులోకి పాదాల వేళ్ళు వెళ్ళి మనిషి లేచేటప్పుడు బలం చిక్కుతుంది, ఇల్లు తుడిచినప్పుడు నీళ్ళు చెక్కకు తగలవు. దిమ్మెను వారం రోజులు తడిపి, ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఆరనిచ్చి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి దానిమీద చట్రం ఎక్కించాలి. చెదల మందును ఈ దశలోనే, చెక్క రాకముందే, ఆ పని నేర్చినవారి చేత గోడ మొదట్లో పట్టించాలి. వంట సామాన్లు ఆ గదిలో ఉన్నప్పుడు ఆ పని చేయించకూడదు.

చట్రానికి 2 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు కర్రలు చాలు. ముందుగా గోడ పట్టీలు బిగించాలి. పట్టీ అంగుళంన్నర, ప్లాస్టరు ముప్పావు, రెండూ దాటితే గాని ఇటుక రాదు. 3 అంగుళాల స్క్రూ వేస్తే ఇటుకలో దిగేది ముప్పావు అంగుళమే. కాబట్టి 4 అంగుళాల స్క్రూలు, వాటికి తగిన ప్లాస్టిక్ ప్లగ్గులు వాడి, ప్రతి 16 అంగుళాలకు ఒకటి దించాలి. ముందు వైపు చట్రాన్ని నేల మీద పరిచి, ప్రతి 24 అంగుళాలకు ఒక కాలు వచ్చేలా, కుసి (కర్ర కొసన చెక్కిన సన్న నాలుక) తీసి బెజ్జంలో కూర్చి తయారు చేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికే ముఖాన్ని జిగురు పూసే ముందు థిన్నరు గుడ్డతో తుడవకపోతే అతుకు నిలవదు. గోడ పట్టీకీ ముందు చట్రానికీ మధ్య ప్రతి 18 అంగుళాలకు ఒక అడ్డకర్ర వేయాలి. స్క్రూ వేసే ప్రతిచోటా ముందు సన్న రంధ్రం చేసి, స్క్రూ మరకు కొవ్వొత్తి మైనం రాస్తే గట్టి టేకు చీలదు. కోసేటప్పుడు, గాజుకాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. టేకు పొడి గొంతునూ చర్మాన్నీ మండిస్తుంది.

పలకలు వేయకముందే, అడ్డకర్రల మీద రెండు పలకముక్కలు పరిచి ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగి చూడాలి. కిర్రుమన్న చోటు ఏదైనా ఉంటే ఇప్పుడే సరిచేయాలి. పలక బిగించాక ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడం చాలా కష్టం.

మూతలు, వీపు పలక, టేబుల్

బెంచీ లోపలి చోటు పండగ గిన్నెలకూ, గంగాళానికీ, అదనపు పీటలకూ బాగా ఉపయోగపడుతుంది. మూత బందులను గోడ దగ్గర కాకుండా, వీపు పలక నుండి 4 అంగుళాలు ముందుకు, ఒక కదలని పట్టీకి బిగించాలి. లేకపోతే మూత పూర్తిగా వెనక్కి వాలక, వదిలిన వెంటనే చేతి మీద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో మూతను నిలబెట్టే ఊతం తప్పనిసరి. ఒక్కొక్క మూత 24 అంగుళాలకు మించకపోతే ఒంటి చేత్తో ఎత్తవచ్చు. ముందు పలకలో అంగుళం రంధ్రాలు కొన్ని చేసి, లోపలి నుండి సన్న జాలీ కొడితే వానాకాలంలో బూజు వాసన రాదు. గ్యాస్ సిలిండర్‌ను మాత్రం ఈ పెట్టెలో ఎన్నటికీ పెట్టకూడదు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే మూసిన పెట్టెలో అడుగున పేరుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

వీపు పలక నిలువుగా ఉంటే పది నిమిషాలకే నడుము నొప్పి పుడుతుంది. బెంచీ మీది నుండి 18 అంగుళాల ఎత్తున్న పలకకు, అడుగున గోడ నుండి 3 అంగుళాలు, పైన 1 అంగుళం ఉండేలా వాలు ఇస్తే సరిపోతుంది. దానికి పైన ఉన్న గోడకు అడుగు మేర ఆయిల్ పెయింటు వేయించాలి. కొబ్బరినూనె రాసుకున్న తల ఆనిన మరక సున్నం గోడ మీద పడితే తిరిగి పోదు.

టేబుల్‌కు నాలుగు మూలలా కాళ్ళు ఉంటే బెంచీలోకి జారి కూర్చునేవారి మోకాళ్ళకు ప్రతిసారీ తగులుతాయి. మధ్యలో ఒకే వరసలో రెండు స్తంభాలు, వాటి అడుగున వెడల్పు పాదాలు ఉండేలా వెల్డింగ్ షాపులో ఇనుముతో చేయించుకోవడం తేలిక. టేబుల్‌ను నేలకు బిగించకూడదు. మా అమ్మ కూర్చునేటప్పుడు టేబుల్‌ను నాలుగంగుళాలు వెనక్కి లాగి, ఆమె కూర్చున్నాక దగ్గరికి జరుపుతాము. ఈ కారణంగానే గ్రానైట్ పైపలక మాకు పనికిరాలేదు. ఈ కొలతకు 18 మిల్లీమీటర్ల గ్రానైట్ ఒక్కటే దాదాపు 45 కిలోలు తూగుతుంది.

పూత

గాజుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి, 120, తర్వాత 180 దాకా, ఎప్పుడూ నార వెంటే రుద్దాలి. లక్క పాలిష్ అందంగా ఉంటుంది గాని, వేడి గిన్నె పెట్టినా, నీళ్ళ గ్లాసు పెట్టినా తెల్లటి ముద్ర పడుతుంది. అన్నం తినే చోటుకు పాలీయురేథేన్ పూతే సరైనది. ఏ పూత అయినా పలక పైముఖానికే వేసి అడుగును వదిలేయకూడదు. అడుగూ, అంచులూ, కోసిన కొసలూ అన్నిటికీ వేయకపోతే చెక్క ఒక వైపు నుండే తేమ పీల్చి వంగుతుంది. అవిసె నూనె వాడేవారు ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే తమలో తామే వేడెక్కి అంటుకుంటాయి. మా ప్రాంతపు మే ఎండలో ఆ భయం మరింత ఎక్కువ. వాటిని నీళ్ళలో ముంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరచాలి.

మెత్తలకు రెండంగుళాల గట్టి ఫోమ్, జిప్పు ఉన్న మందపాటి నూలు గలీబు తీసుకోవాలి. రెక్సిన్ తుడవడానికి సులభమే గాని ఎండాకాలంలో ఒంటికి అతుక్కుంటుంది. బొగ్గు పొడి ఎగిరే ఊళ్ళలో గలీబు పదిహేను రోజులకొకసారి ఉతుక్కునేలా ఉండాలి.

బొగ్గు గని క్వార్టర్లలోనో, అద్దె ఇంట్లోనో ఉన్నవారు గోడకు రంధ్రాలు చేయలేరు. వారు ఇదే కొలతలతో మూడు విడి పెట్టెలు చేయించి, ఒకదానికొకటి బోల్టులతో కలిపితే చాలు. చట్రానికి వెనుక వైపు కూడా కాళ్ళు వస్తాయి, అంతే తేడా. సొంత ఇల్లు ఉండి చెక్క అసలే వద్దనుకునేవారు, మన పాత ఇళ్ళ అరుగులాగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు రెండడుగులకొకటి లేపి, పైన ఒకటిన్నర అంగుళాల నాపరాయి పరిపించుకోవచ్చు. ఇక్కడి మేస్త్రీలు దాన్ని కడప్పా అంటారు, మన కడప పేరే అది. ఎండాకాలంలో ఆ రాయి మీద కూర్చోవడం హాయిగా ఉంటుంది. జనవరి చలిలో మాత్రం మెత్త లేకుండా పెద్దవాళ్ళు కూర్చోలేరు.

బెంచీ పూర్తయిన మొదటి ఏడాది రెండుసార్లు చూసుకోవాలి. మే చివరలో, చెక్క కుంచించుకున్నప్పుడు, గోడ పట్టీల స్క్రూలన్నీ ఒకసారి బిగించాలి. జులైలో ఏదైనా మూత బిగుసుకుపోతే వెంటనే రంధా పట్టకూడదు. అప్పుడు తీసిన అంచు ఎండాకాలానికి పెద్ద సందు అవుతుంది. మూతను కొన్నాళ్ళు తెరిచి ఉంచి, దసరా దాటేదాకా ఆగి చూడాలి. అప్పటికీ వదులు కాకపోతే, బందు లేని వైపు అంచును మాత్రం కొద్దిగా చిత్రిక పట్టి, తీసిన చోట మళ్ళీ పూత వేయాలి.